వ్యాక్యూమ్ ఫిల్టర్ దాకా దుమ్ము రానివ్వకుండా: షెడ్డు పని డైరీ

ఏప్రిల్ చివరి వారం

మా షెడ్డులో ఉన్నది 21 లీటర్ల తడి-పొడి వ్యాక్యూమ్ క్లీనర్. 1400 వాట్ల మోటారు, 35 మి.మీ. పైపు, లోపల మడతల కాట్రిడ్జ్ ఫిల్టర్. టేకు కోసినా, ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక) కోసినా, శాండింగ్ మెషిన్ ఆడించినా దీన్నే తగిలిస్తాను. ఈ వేసవిలో ఇంటి గోడలకు పట్టించిన పుట్టీని రుద్దే పని కూడా దీని మీదే పడింది. అప్పటి నుంచి ఒకటే ఇబ్బంది. గోడ సగం రుద్దేసరికి పైపు లాగడం మానేస్తోంది. మూత తీసి చూస్తే డబ్బా అడుగున పుట్టీ పిడికెడు కూడా ఉండదు. ఫిల్టర్ మడతలు మాత్రం పూడిపోయి, కాట్రిడ్జ్ సున్నం కొట్టిన స్తంభంలా ఉంటుంది.

రంపపు పొట్టుతో ఈ బాధ అంతగా లేదు. పొట్టు బరువుగా ఉంటుంది కాబట్టి డబ్బాలోకి రాగానే చాలావరకు కిందికి రాలిపోతుంది. పుట్టీ, ఎండీఎఫ్ సన్నదుమ్ము అలా రాలవు. గాలి ఎటు పోతే అటే పోయి మడతల మీద పొరగా అతుక్కుంటాయి. ఆ పొర కొంతవరకు మంచిదే. కొత్త ఫిల్టర్ కన్నా కాస్త దుమ్ము పట్టిన ఫిల్టరే సన్నని రేణువుల్ని బాగా ఆపుతుంది, ఎందుకంటే ఆ పొర కూడా జల్లెడగా పనిచేస్తుంది. పొర మందం పెరిగి మడత లోయలన్నీ నిండాకే ఊపిరి ఆడదు.

చెక్క దుమ్మును నేను తేలిగ్గా తీసుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే చెక్క దుమ్మును మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు, ముక్కు పక్క గదుల్లో వచ్చే క్యాన్సర్‌కు దానికీ సంబంధం ఉందని తేల్చారు. టేకు దుమ్ము కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. కాబట్టి నాకు కావలసినవి రెండు: పైపు చివరిదాకా బలంగా లాగాలి, మోటారు వదిలే గాలిలో దుమ్ము ఉండకూడదు.

రెండోది చూసుకోవడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. రాత్రి లైట్లన్నీ ఆపి, మెషిన్ ఆన్ చేసి, గాలి బయటికి వచ్చే చోట టార్చ్ వెలుగు అడ్డంగా పడేలా పెట్టాలి. మనం వెలుగుకు ఎదురుగా, కొంచెం పక్కకు నిలబడి చూస్తే కంటికి మామూలుగా కనపడని రేణువులు మెరుస్తూ కనిపిస్తాయి. మా మెషిన్ దగ్గర ఆన్ చేసిన మొదటి క్షణాల్లో ఒక తెల్లటి తెర వచ్చింది, తర్వాత పలచబడింది. ఫిల్టర్ తీసి దాని శుభ్రమైన వైపు తెల్లగుడ్డతో తుడిచాను. పై అంచున ఒకచోట గీతలా దుమ్ము అంటింది. అంటే అక్కడ రబ్బరు సరిగా కూర్చోవడం లేదు, గాలి ఫిల్టర్‌ను తప్పించుకుని దొంగదారిన పోతోంది. రబ్బరు తుడిచి, కాట్రిడ్జ్‌ను తిప్పి బిగించాక ఆ తెర మళ్లీ రాలేదు.

మే మొదటి వారం

పైపు బాగా లాగుతోందా లేదా అన్నది అరచెయ్యి పెట్టి చెప్పడం నాకు నచ్చదు. అంకె కావాలి. అందుకని తాపీ మేస్త్రీలు మట్టం చూడటానికి వాడే పారదర్శకమైన లెవెల్ పైపుతో ఒక గేజీ కట్టాను.

నిలువు పలక మీద పైపును ఇంగ్లీషు యూ అక్షరంలా వంచి క్లిప్పులతో బిగించాను. ఒక్కో కాలు మీటరు పొడవు. సగం దాకా నీళ్లు పోసి, కనపడటానికి రెండు చుక్కల నీలిమందు కలిపాను. ఒక కాలు పై కొన గాలికి వదిలేశాను. రెండో కాలు కొనను వ్యాక్యూమ్ డబ్బా గోడకు కలిపాను. గోడకు రంధ్రం వేసి గాలి కారకుండా పైపు బిగించడం ఎలాగా అని చూస్తే, డ్రిప్ ఇరిగేషన్ సామాన్ల కొట్లో దొరికే రబ్బరు గ్రోమెట్ (రంధ్రంలో ఇరికించే రబ్బరు ఉంగరం), నిపుల్ (పైపు తొడిగే చిన్న గొట్టం) సరిగ్గా సరిపోయాయి. రెండూ కలిపి టీ ఖర్చు కూడా కాదు.

మెషిన్ ఆన్ చేస్తే డబ్బా వైపు కాలులో నీళ్లు పైకి లేస్తాయి, రెండో వైపు దిగుతాయి. రెండు మట్టాల మధ్య తేడా రీడింగ్. సెంటీమీటరు నీళ్లంటే దాదాపు 98 పాస్కల్‌ల ఒత్తిడి. ఒక్క జాగ్రత్త: పీల్చే పైపు మూతిని చేత్తో మూసేస్తే నీళ్లు మొత్తం డబ్బాలోకి వెళ్లిపోతాయి. మూతి మూయాల్సి వస్తే ముందు లెవెల్ పైపును నొక్కి పట్టుకోవాలి.

ఈ రీడింగ్ ఏం చెబుతుందో ఒకసారి స్పష్టంగా రాసుకుంటాను, ఎందుకంటే మొదట చూసినవాళ్లకు తిరగేసి అర్థమవుతుంది. గేజీ ఉన్నది ఫిల్టర్‌కు ముందు. పైపు మూతి తెరిచి ఉన్నప్పుడు డబ్బాలో ఎంత లోటు ఒత్తిడి (బయటి గాలి ఒత్తిడి కన్నా ఎంత తక్కువ) ఉంటుందన్నది పైపు గుండా ఎంత గాలి పరుగెడుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫిల్టర్ పూడితే గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే రీడింగ్ కూడా తగ్గుతుంది. పైపు రాపిడి గాలి వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, రీడింగ్ సగానికి పడిందంటే గాలి సగం అయినట్టు కాదు, సుమారు 70 శాతం మిగిలినట్టు.

కొత్త ఫిల్టర్‌తో 42 సెంటీమీటర్లు. పుట్టీ రుద్దాక 19. అంటే గాలి మూడింట రెండొంతులకు వచ్చింది. ఆ మాత్రానికే శాండింగ్ మెషిన్ అంచుల నుంచి దుమ్ము బయటికి చిమ్మడం మొదలవుతుంది.

చెవి కూడా ఒక గేజీయే. ఫిల్టర్ పూడుతున్న కొద్దీ మోటారు గొంతు సన్నబడుతుంది. మోటారు మీద భారం పెరిగి అరుస్తోందని చాలామంది అనుకుంటారు. నిజానికి తోయడానికి గాలి తక్కువై, భారం తగ్గి, ఇంకా వేగంగా తిరుగుతోంది. ఇళ్లలో వాడే చిన్న వ్యాక్యూమ్‌లలో చాలావాటికి పీల్చిన గాలే మోటారు చుట్టల్ని చల్లబరుస్తుంది. వాటిలో ఫిల్టర్ పూడితే మోటారు వేడెక్కి, థర్మల్ స్విచ్ ఉంటే ఆగిపోతుంది, లేకపోతే కాలిపోతుంది. తడి-పొడి మెషిన్లలో సాధారణంగా చల్లగాలికి వేరే దారి ఉంటుంది కాబట్టి కొంత నయం.

మే రెండో వారం

గేజీ వచ్చింది కదా, ఫిల్టర్ దులిపే పద్ధతులన్నీ దాంతోనే తూచాను. 19 దగ్గర ఉన్న అదే కాట్రిడ్జ్.

బయటికి తీసి, చెత్త బకెట్ అంచుకు చిన్నగా తట్టితే 27 దాకా వచ్చింది. మెత్తని పెయింటు బ్రష్‌తో ప్రతి మడతనూ పై నుంచి కిందికి దువ్వితే 31. తర్వాత కంప్రెసర్ గాలి. ఇక్కడ దిశ ముఖ్యం. లోపలి నుంచి, అంటే శుభ్రమైన వైపు నుంచి బయటికి కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితం సన్న రంధ్రాల్లోకి ఇంకా లోతుగా దిగుతుంది. ఒత్తిడి 2 బార్‌కు తగ్గించి, నాజిల్‌ను జానెడు దూరంలో పట్టుకుని మడత వెంట నడిపాను. 38 వచ్చింది. కొత్తదానికి సమానంగా ఎప్పుడూ రాదు, రావాలని పట్టుపట్టి దగ్గర నుంచి కొడితే మడత చిరుగుతుంది. చిరిగిన ఫిల్టర్ రీడింగ్ మాత్రం అద్భుతంగా చూపిస్తుంది! అందుకే గాలి కొట్టిన ప్రతిసారీ లోపల బల్బు పెట్టి చూడటం, తర్వాత టార్చ్ పరీక్ష చెయ్యడం.

కడగడం గురించి: ఫిల్టర్ మీదో, దాంతో వచ్చిన పుస్తకంలోనో కడగవచ్చని రాసి ఉంటేనే. పాలిస్టర్ గుడ్డ మడతలు నీళ్లకు తట్టుకుంటాయి. మామూలు కాగితం తడిస్తే మెత్తబడి, ఆరాక మడత నిలబడదు. పుట్టీ పట్టిన ఫిల్టర్‌ను తడిపితే ఇంకో ప్రమాదం. పుట్టీ మళ్లీ నీళ్లతో కలిసి పేస్టు అయి, ఆ రంధ్రాల్లోనే గట్టిపడుతుంది. సిమెంటు పుట్టీ అయితే చెప్పక్కర్లేదు. కాబట్టి ముందు పూర్తిగా పొడిగా దులిపి, ఆ తర్వాతే నీళ్లు. కడిగాక కనీసం ఒక రోజు నీడలో, ఫ్యాను కింద ఆరాలి. వానాకాలం మా గోదావరి జిల్లాల్లో రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. చెమ్మ ఉండగానే బిగిస్తే మొదటి నిమిషంలోనే దుమ్ము ముద్దగా పట్టేస్తుంది, తర్వాత మెషిన్ నుంచి ముక్క వాసన వస్తుంది.

ఇంత చేసినా అరగంట పుట్టీ పనికి మళ్లీ మొదటికే. దులపడంలో ఎంత నేర్పు చూపినా ఫిల్టర్ ఆయుష్షు తగ్గుతూనే ఉంటుంది, దులిపిన దుమ్ము నా ముక్కు ముందే లేస్తుంది. దుమ్మును ఫిల్టర్ దాకా రాకుండా దారిలోనే దింపెయ్యాలి.

మే మూడో వారం, మండపేట

మా వైపు రైస్ మిల్లుల కప్పుల మీద రేకుతో చేసిన పెద్ద గరాటులు అందరూ చూసే ఉంటారు. ఊకను, తవుడును గాలితో లాగి, ఆ గరాటులో దింపి, గాలిని పైకి వదిలేస్తాయి. అవే సైక్లోన్‌లు. గాలి పక్క నుంచి గోడను ఒరుసుకుంటూ లోపలికి వచ్చి సుడి తిరుగుతుంది. బరువైన రేణువులు గోడ వైపు నెట్టబడి, జారుతూ అడుగుకు చేరతాయి. గాలి నడిమధ్య నుంచి పైకి పోతుంది. జేమ్స్ డైసన్ సంచి లేని వ్యాక్యూమ్ క్లీనర్‌కు పూనుకున్నది కూడా రంపపు మిల్లులో ఇలాంటి సైక్లోన్‌ను చూశాకే. అది సరిగా పనిచేసేదాకా ఆయన 5,127 నమూనాలు చేశారు. ఆయనకు తగిలిన చిక్కు కూడా మనదే, సంచి రంధ్రాలు పూడి లాగుడు తగ్గిపోవడం.

తెలిసినవాళ్ల మిల్లులో చాలా ఏళ్లుగా ఫిట్టర్‌గా ఉన్న పెద్దాయనను కలిశాను. బకెట్‌తో చేద్దామనుకుంటున్నానని బొమ్మ గీసి చూపించాను. కొలతలు అడుగుతారనుకుంటే ఆయన నేరుగా అడుగుకే వెళ్లారు.

"అంతా బాగానే ఉందండి. అడుగు ఎలా మూస్తున్నారు?"

"బకెట్టే కదా బాబాయ్ గారూ, అడుగు మూసే ఉంటుంది."

"మూత?"

"మూత బిగుతుగానే ఉంటుంది."

"ఆయ్, ఉంటుందంటే చాలదండి. ఇక్కడ చూడండి," అని గరాటు కింద తిరుగుతున్న రోటరీ వాల్వ్ (రెక్కల చక్రం) చూపించారు. "తవుడు కిందికి పడాలి, గాలి మాత్రం కింద నుంచి దూరకూడదు. ఈ రెక్కల రబ్బరు అరిగిందంటే తవుడంతా పైకే పోద్దండి. గరాటు ఎంత బాగా చేసినా అంతే."

కారణం ఆలోచిస్తే సబబుగానే ఉంది. సుడి నడిమధ్య ఒత్తిడి అన్నిటికన్నా తక్కువ. కింద ఎక్కడైనా సందు ఉంటే బయటి గాలి అందులోంచి దూరి, రాలిన దుమ్మును లేపి, మధ్యలోంచి నేరుగా ఫిల్టర్ వైపు మోసుకుపోతుంది. ఇంటర్నెట్‌లో అందరూ గరాటు వాలు గురించి, పైపు వ్యాసం గురించి తెగ చర్చిస్తారు. ఈ ఒక్క మాట మీద ఆయన పెట్టినంత ధ్యాస నేను ఎక్కడా చూడలేదు.

మే చివరి వారం

పెయింటర్ల దగ్గర 20 లీటర్ల ఖాళీ బకెట్‌లు రెండు తీసుకున్నాను. రెండు ఎందుకంటే ఒకదానిలో ఒకటి దించి వాడటానికి. ఒక్క బకెట్‌తో ముందుగా పరీక్ష చేసి చూశాను. మూత బిగించి, పీల్చే మూతిని కావాలనే మూశాను. రెండు సెకన్లలో గోడ లోపలికి సొట్ట పడింది. లెక్క వేస్తే అది సహజమే. ఇలాంటి మోటారు మూతి మూసినప్పుడు 18 కిలోపాస్కల్‌ల దాకా లాగుతుంది. 28 సెంటీమీటర్ల మూత మీద అది నూట పది కేజీల బరువు పెట్టినట్టు. రెండు బకెట్‌లు కలిసి ఆ భారం మోస్తాయి, పైగా నిండినప్పుడు లోపలిదాన్ని మాత్రం ఎత్తి పారబోయవచ్చు.

మూత పల్చగా ఉంది కాబట్టి దాని మీద 12 మి.మీ. ప్లైవుడ్ చక్రం కోసి, మధ్యలో సిలికాన్ వేసి, బోల్టులతో కలిపేశాను. రెండు రంధ్రాలు. నడిమధ్య రంధ్రంలో బయటికి పోయే పైపు, అంచు దగ్గర రంధ్రంలో లోపలికి వచ్చే పైపు. రెండూ 40 ఎంఎం పీవీసీ. అంచు పైపుకు లోపలి వైపు ఎల్బో (వంపు ముక్క) బిగించి, దాని మూతి గోడను రాసుకుంటూ ఊదేలా తిప్పాను. మూతి కొంచెం కిందికి కూడా వాలితే మంచిది. వ్యాక్యూమ్ పైపు కొన 40 పైపులో కాస్త వదులు. ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుడితే సరిపోయింది.

మూత అంచుకు కిటికీలకు అంటించే స్పాంజి బీడింగ్ వేశాను. లీకు చూడటానికి ఖాళీ బకెట్‌తోనే, చుట్టుపక్కల పొట్టు లేకుండా ఊడ్చి, మెషిన్ ఆన్ చేసి అగరుబత్తి పొగను మూత చుట్టూ తిప్పాను. బాగున్న చోట పొగ నిటారుగా లేస్తుంది. పిడి దగ్గర మాత్రం గీతలా వంగి మూత కిందికి దూరింది. అక్కడ బకెట్ అంచు అచ్చు పోతలోనే ఒక గాటు ఉంది. సిలికాన్‌తో నింపి, ఆరాక మళ్లీ పొగ పెట్టాను. ఈసారి నిటారుగానే.

జూన్ మొదటి వారం

ఈ లీకు ఎంత తేడా తెస్తుందో తూకంతో చూడాలనిపించింది. అరకేజీ ఎండు పుట్టీ దుమ్ము తూచి, నేల మీద పలచగా పరిచి లాగించాను. మూత అంచున ఒకచోట కావాలనే చిన్న పుల్ల పెట్టి సందు ఉంచితే బకెట్‌లో దిగింది 310 గ్రాములు. పుల్ల తీసేసి మళ్లీ చేస్తే 405. ఎల్బో అదే, బకెట్ అదే, పైపు అదే. మిల్లు పెద్దాయనకు ఫోన్ చేసి అంకెలు చెప్పాను. "చెప్పాను కదండి" అని నవ్వారు.

405 కూడా నాకు చాలలేదు. మిగతా సుమారు వంద గ్రాములు ఫిల్టర్ మీదికే కదా. బకెట్ సగం నిండాక పరిస్థితి ఇంకా దిగజారింది. సుడి అడుగున ఉన్న దుమ్మును తాకి మళ్లీ లేపుతోంది. దీనికి థీన్ బాఫిల్ అని చెక్క పని చేసేవాళ్లలో బాగా ప్రచారంలో ఉన్న ఒక ఉపాయం ఉంది. బకెట్ లోపల, ఎల్బోకు కింద ఒక అడ్డుపలక వేలాడదీస్తారు. చుట్టూ 240 డిగ్రీల మేర దాని అంచుకూ బకెట్ గోడకూ మధ్య 28 మి.మీ. చీలిక ఉంటుంది, మిగిలిన 120 డిగ్రీలు గోడకు ఆనుకుని మూసి ఉంటుంది. ఆ మూసిన భాగం పైపు లోపలికి వచ్చే చోటుకు కింద ఉండాలి. గోడ వెంట తిరిగే దుమ్ము చీలికలోంచి కిందికి దిగిపోతుంది, పైన తిరిగే సుడి మాత్రం కింద పడినదాన్ని తాకలేదు.

6 మి.మీ. ప్లైవుడ్‌లో జిగ్‌సాతో కోసి, అంచులు ఎమ్రీ పేపర్‌తో నున్నగా రుద్ది, మూడు మరకడ్డీలతో మూతకే వేలాడదీశాను. మూత ఎత్తితే పలక కూడా దాంతోనే వస్తుంది. బకెట్ గోడ కిందికి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, పలక వేలాడే ఎత్తు దగ్గర లోపలి వ్యాసం కొలిచి కొయ్యాలి. మధ్య పైపును మూతకూ పలకకూ నడుమ సగం ఎత్తు దాకా దింపాను.

అదే అరకేజీ పుట్టీ. బకెట్‌లో 455 గ్రాములు. రంపపు పొట్టయితే కేజీ పోస్తే వ్యాక్యూమ్ డబ్బాలో చెంచాడు కూడా దొరకలేదు. ఇంతకన్నా సన్నగా ఉన్నది సైక్లోన్‌తో ఆగదు. మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) స్థాయి రేణువుకు గోడ వైపు పోయేంత బరువు ఉండదు. దాన్ని ఆపే పని ఫిల్టర్‌దే.

జూన్ మూడో వారం

మిగిలిన ఆ సన్నదుమ్ము కోసం డబ్బా లోపల ఫ్లీస్ సంచి (దుమ్ము పట్టే మెత్తని గుడ్డ సంచి) తగిలించాను. ఇప్పుడు వరస ఇది: బకెట్, సంచి, కాట్రిడ్జ్. ఒంటరిగా సంచి వాడితే పొట్టుతో త్వరగా నిండి డబ్బు దండగ. బకెట్ తర్వాత పెడితే దానికి పని చాలా తక్కువ.

ఒక సంగతి రాసి పెట్టుకోవాలి. బకెట్, సంచి చేరాక గేజీ మొదటి రీడింగ్ 51 చూపించింది. 42 కన్నా ఎక్కువ కాబట్టి గాలి పెరిగిందని అనుకోకూడదు. గాలికి దారిలో అడ్డంకులు పెరిగాయి, అందుకే లోటు ఒత్తిడి పెరిగింది. గాలి నిజానికి కొంచెం తగ్గింది. పాత అంకెతో పోల్చకుండా 51 దగ్గర పలక మీద కొత్త గీత గీశాను. ఇకనుంచి ఆ గీతతోనే లెక్క.

హాలు గోడ మొత్తం, ఆ తర్వాత రెండు ఎండీఎఫ్ అల్మారా తలుపులు రుద్దాక చూస్తే 47. కాట్రిడ్జ్ తీసి చూశాను. మడతల కొసల మీద బూడిద రంగు పలచటి పొర, లోయలు ఖాళీ. తట్టలేదు, దువ్వలేదు, అలాగే బిగించేశాను. ఆ పొర ఉంటేనే టార్చ్ పరీక్షలో గాలి శుభ్రంగా కనిపిస్తోంది. 40కి పడేదాకా ముట్టుకోను.

బకెట్ ఖాళీ చేసేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. లోపలి బకెట్‌ను పాత సిమెంటు సంచిలో దించి, సంచి మూతి చుట్టి, అప్పుడు తిరగెయ్యాలి. పై నుంచి పోస్తే ఇంత కష్టపడి దింపిన దుమ్మంతా మళ్లీ గాలిలోకే. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొట్టు జిగురు కలిసినది, మొక్కల పాదుల్లో వెయ్యను, కాల్చను.

పైపుల్లో పొడి దుమ్ము పరుగెడుతుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. పీవీసీ గోడకు పుట్టీ అంటుకుని కనిపిస్తోంది, ఒకసారి మోచేతికి చిన్న షాక్ కూడా కొట్టింది. పైపు చుట్టూ రాగి తీగ చుట్టి, మూత మీది బోల్టులను కలుపుతూ ఎర్త్ పిన్నుకు వేశాను. ప్లాస్టిక్ మీది చార్జి అంతా దీంతో పోదు, చేతికి తగిలే లోహ భాగాల వరకు షాక్ తగ్గింది.

జూలై

వానలు మొదలయ్యాయి. షెడ్డులో చెమ్మకు పుట్టీ దుమ్ము బకెట్ గోడకు ఉండలు కడుతోంది, బాఫిల్ చీలిక దగ్గర ఒక మూల పూడటం మొదలైంది. పని అయ్యాక పైపు తీసెయ్యకుండా రెండు నిమిషాలు ఉత్తగాలి లాగిస్తే చాలావరకు రాలుతోంది. మూత బీడింగ్ ఒకచోట అణిగిపోయి, పొగ మళ్లీ వంగింది. స్పాంజి బదులు కారు డోరుకు వేసే బోలు రబ్బరు తెచ్చాను, ఈ ఆదివారం మార్చాలి. శాండింగ్ మెషిన్ దుమ్ము మూతి 27 మి.మీ., పైపు 35. ఆ కలిపే ముక్క ఇప్పటికి సైకిల్ ట్యూబుతో నడుస్తోంది, టేకు కొయ్యలో లేత్ మీద ఒకటి తిప్పించుకోవాలి. కాట్రిడ్జ్ రీడింగ్ ఈ రోజుకు 45.